పసుపు తూకం

ముప్పై ఏండ్ల సంది బేగంబజార్ల పసుపు తూకమేస్తున్న.
నా గోర్లు చూస్తే తెలుస్తది, చెప్పే పని లేదు.
బస్సుల పక్క సీటాయన జరిగి కూసుంటడు
అంగికి మరక అంటుతదని.

ఆ పసుపే
బంజారాహిల్స్‌ల ఏసీ గదిల
బొటనవేలంత సీసల కూసున్నది.
దాని మెడకు కట్టిన ధర చూసి
సున్నలు మల్లొక్కపారి లెక్కవెట్టిన.

అండాలుకు ఇప్పుడు రెండు కుర్చీలు.
ఒకటి రెడ్‌హిల్స్‌ల, టోకెన్ పిలిచేదాక గోడకు ఆనుకొని.
ఒకటి ఈడ, వెనక్కి వాలేది, కాళ్ల మీద శాలువ.
సి విటమిన్ సంచికి నల్ల తొడుగేస్తరు,
వెలుతురు తాకితే చెడిపోతదంట.
చీకట్ల నుంచి చుక్క చుక్క దిగుతది
ఆమె మోచేతి కాడికి.

డాక్టర్ ఫర్హానాకు దాయకుంట చెప్పిన.
కోపం చేయలే. అద్దాలు తీసి తుడుచుకున్నది.
"దీంతోని గడ్డ కరుగుతదని నేను చెప్పలేను కాకా.
పానం జర తేలికైతదంటరు కొందరు,
దానికి గూడ గట్టి రుజువు లేదు.
కీమో మాత్రం ఆపకుండ్రి.
కిడ్నీ పరీక్ష చేయించుండ్రి, రక్తం పరీక్ష గూడ.
కీమో వారం పసుపు మందు వద్దు.
ఏది ఎక్కించినా ముందుగాల నాకు చెప్పుండ్రి."

ఆ రాత్రి చిట్టీ కాయితం వెనక రాసిన:
ఒక్క సీసకు నాలుగు బస్తాలు,
హమాలీ కలుపకుంట.
ఆడ పెన్ను ఆగింది.
"ఇగ బంద్ చేద్దమా?" అన్న.

అండాలు కొత్తిమీర తెంపుతున్నది. తలెత్తలే.
"ఆడ కూసున్న రెండు గంటలు
ఎవ్వరు నన్ను నంబరుతోని పిలువరు.
నరం దొరకకపోతే ఆ మలయాళం పిల్ల
మల్ల గుచ్చే ముందు ఆగి అడుగుతది,
అమ్మా, గుచ్చనా అని.
రోగానికి కాదయ్యా.
గా అడిగినందుకు."

కొత్తిమీర కాడలు నేనే ఎత్తి పారేసిన.
ముప్పై ఏండ్లల్ల ఈమెను ఏం అడిగిన నేను?
ఉప్పు ఎక్కువెందుకైందని అడిగిన.
తాళంచెవి ఏడ వెట్టినవని అడిగిన.

సోమారం రెడ్‌హిల్స్‌ల ఎనభై మూడో నంబరు పిలిచిండ్రు.
రెక్క వట్టి లేపబోయి, ఆగి,
"అండాలు, లేద్దమా?" అన్న.
నా మొకం దిక్కు చూసింది.
"ఏందయ్యా, బేరమాడినట్టు."

బేస్తారం కుర్చీ రాసే ఉన్నది.
పైసల సంగతి
సావుకారును ఇంక అడుగలే.