మసి అంటని పొగగూడు

టేపు ఆ కొస పట్టుకొని
మస్తానయ్య గోడ మూలకి కూలబడ్డాడు.
"ముప్పై ఒకటి, నాలుగంగుళాలు సార్."
రాసుకున్నాను.
సోమవారానికి ఈ కట్టడం ఉండదు.
పడగొట్టేముందు కొలవాలని ఒక రూలు,
కొలిచేవాడికి జీతం.
అందుకే గుంతకల్లులో, లోకోషెడ్డు వెనక,
మే నెల మిట్టమధ్యాహ్నం నేను.

బోర్డు మీద ఇంగ్లీషులో
ఆఖరి సిగ్నల్ అని అర్థమొచ్చే పేరేదో ఉండేదట.
ఊరు మాత్రం బుడ్డి బంగళా అనే పిలిచింది.
ఆవిరి బండ్లు తోలే దొరలూ సగం దొరలూ
డ్యూటీ దిగి, బొగ్గు చేతులతోనే
వచ్చి ఆనుకున్న చోటు.

నక్షా ఎక్కడో చలిదేశంలో గీసింది.
కప్పు వాలు చూడండి,
పడిన మంచు పడినట్టే జారిపోవాలని అంత నిటారు.
ఇక్కడ దాని మీంచి జారింది
ఎప్పుడో ఒక వాన, రోజూ ఒక పిల్లి.
కిటికీలకి సీసపు చట్రాల్లో రంగుటద్దాలు.
మూడో ఎండాకాలానికే సీసం మెత్తబడి
అద్దాలు బొజ్జలు ముందుకేసుకున్నాయి,
ఇప్పటికీ లోపలికి లాక్కోలేదు.
పైన నల్లటి దూలాలు,
అవి మోసేదేమీ లేదు, సోకు కోసం.
అసలు బరువంతా వాటి వెనక నక్కిన
పాత రైలు పట్టా ముక్కలది.

గీత అక్కడిదే గాని రాయి ఇక్కడిది.
నేలంతా తాడిపత్రి బండ, గడపలకి బేతంచర్ల పలక.
గోడ మందం ఇరవై ఏడంగుళాలు.
గార పెచ్చు గోరుతో గీకితే
బెల్లం వాసనొస్తుందన్నాడు మస్తానయ్య.
నాకు రాలేదు.
అయినా ముక్కు ఆనించి చూశాను, రెండుసార్లు.

కౌంటరు బర్మా టేకు. ఎత్తు నలభై మూడు.
మోచేతులు ఆన్చి ఆన్చి
అంచు పొడవునా ఏడు గుంతలు.
చివరిది తక్కినవాటికన్నా లోతు.
ఎవరిదో.
ఎంత అలిసిపోయి వచ్చేవాడో.

వెనక గోడలో ఒక కంత, మూరెడు వెడల్పు.
రెక్కల తలుపు వాళ్లకి, కంత మనవాళ్లకి.
బొగ్గు వేసే కలాసీలు పెరట్లో నిలబడి
చిల్లర లోపలికి తోస్తే
గ్లాసు బయటికొచ్చేది.
నక్షాలో అది నేలకి రెండడుగుల ఎత్తున ఉంది.
టేపు నాలుగున్నర అంటోంది.
మళ్లీ పెట్టించాను. నాలుగున్నరే.
కట్టిన మేస్త్రీ పేరు కాగితం మీద ఏ మూలా లేదు.
కొలత తప్పాడో,
ఎవరి నడుమూ వంగకూడదనుకున్నాడో.
"లోపాలు" అన్న గడి
ఖాళీగా వదిలేశాను.

ఇంక పొయ్యి.
గుంతకల్లులో, గది వెచ్చబెట్టుకోడానికి, పొయ్యి!
మస్తానయ్య నవ్వీ నవ్వీ దగ్గాడు.
ఎర్రరాతి కమాను, ఇనప జాలీ,
దుంగలు పేర్చుకునే అరుగు,
పైకి పద్దెనిమిదడుగుల పొగగూడు.
చంక దాకా చెయ్యి పెట్టి తడిమాను.
సున్నం, నున్నగా, తెల్లగా.
వేలికి ఒక్కరోజు మసి కూడా అంటలేదు.

"యాడ మంటేసినారు సార్?
మా జేజినాయన ఈడ గ్లాసులు కడిగినాడు.
ఐసు పెట్టేది దాంట్లోనే గదా.
మద్రాసు మెయిల్లో వచ్చేది, గోనెసంచిలో, ఊకలో.
ఈ బంగళా మొత్తానికి సల్లటి జాగా అదొక్కటే."

వంగి చూశాను.
నిప్పు కోసం తెరిచిన ఆ నోట్లోంచి
ఏ వేసవుల నీళ్లో కారి కారి
బండ మీద గోధుమరంగు చార పడింది.
తిన్నగా పోదు. కౌంటరు కాలు దగ్గర వంక తిరిగి
గోడ అడుగు తూములోంచి
పెరట్లోకి, సరిగ్గా కంత కిందికి.
కలాసీలు తువ్వాళ్లు తడుపుకొని
తలకి చుట్టుకునేది అక్కడేనంట.

మస్తానయ్య టేపు చుట్టబోతున్నాడు.
"ఉగ్గాని అయిపోతాది, పాండి సార్."
ఆగమన్నాను.
చారను కొలవమని ఏ రూల్లోనూ లేదు.

పద్నాలుగు అడుగులు, ఒకటిన్నర అంగుళం.