మంగళవారం చేయి

మంగళ, శుక్రవారాలు నా ఎడమచేయి నాది కాదు.
కెయిర్న్స్ శివారులో, గాలి తిరిగితే
పంచదార మిల్లు వాసన కొట్టే వీధిలో,
ఇరవై ఏడు డిగ్రీలు దాటనివ్వని గదిలో
తెల్ల వల పంజరానికి ఒక గుడ్డ తొడుగు.
మోచేతి దాకా దూరుస్తాను.

ఆడవే వస్తాయి.
మగవి ఓ మూల చక్కెర నీళ్ల దూదికి వేలాడుతూ
పెళ్లివారింట్లో తోడల్లుళ్లలా
తమకేం పట్టనట్టు ఉంటాయి.

పదిహేను నిమిషాలు.
కుడిచేత్తో పత్రిక పేజీ తిప్పుకోవచ్చు.
గోక్కోకూడదు.
మొదటి నెల చర్మం బూరెల్లా పొంగేది.
ఇప్పుడు దానికి అలవాటో, విసుగో.

పొట్టలు ఎర్రబడి, బరువెక్కి,
ఎగరలేక వలకే అతుక్కుపోతాయి.
రక్తసంబంధం అని మనవాళ్లు ఊరికే అంటుంటారు గానీ
అదిగో, అది.

వాటి కణాల్లో అద్దెకున్నదొక సూక్ష్మజీవి.
మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలోంచి
గాజు సూదితో తీసి,
ఎన్ని వేల గుడ్లు పాడయ్యాకో
ఎవరో ఓపికమంతులు ఇందులో దించారు.
అది లోపలుంటే డెంగీ వైరస్‌కి చోటు దొరకదు,
బస్సు కిటికీలోంచి ఎవరో
ముందే తువ్వాలు వేసేసినట్టు.

ఇది తల్లి నుంచే వస్తుంది, గుడ్డుతో పాటు.
ఇంటిపేరు ఆడవాళ్లదైన వంశం.
ఆ ఇంటిపేరు లేనిదాన్ని మనవైపు మగది చేరిందా,
గుడ్లు పెడుతుంది, నల్లగా, వరసగా, అందంగా.
ఒక్కటీ పొదగదు.
మైక్రోస్కోపు కింద వాటిని లెక్కపెట్టే రోజున
నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను.

ఆల్డో జానెట్టికి ఎనభై రెండేళ్లు.
స్తంభాల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు.
గుడ్ల బకెట్ పెరట్లో పెట్టనిమ్మని
మూడుసార్లు వెళ్లాను.
"బతుకంతా చెరుకు తోటల్లో వీటిని చరిచి చంపాను,
ఇప్పుడు నన్ను ఆయాగా పెట్టుకుంటావా?"
మూడోసారి నా చేయి చూశాడు.
మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్ర చుక్కలు.
ఏమీ అనలేదు. కుర్చీ ఇటు జరిపాడు.

కాఫీ చల్లారాక చెప్పాడు.
భార్య రీటా. ఒక వానాకాలం. ఎముకలు విరిచే జ్వరం.
"నవ్వినా నొప్పే అనేది.
వారం రోజులు ఇంట్లో ఎవరం జోకులు వేసుకోలేదు."
తర్వాత ఏమైందని నేను అడగలేదు.
ఆయన లేచి మామిడిచెట్టు కింద
మధ్యాహ్నం కూడా ఎండ పడని చోటు చూపించాడు.

నేనూ చెప్పాలనుకున్నాను.
ఏలూరు ఆసుపత్రి వరండా,
స్టీలు గ్లాసులో బొప్పాయాకు రసం,
క్రికెట్ స్కోరు అడిగినట్టు అరగంటకోసారి
ప్లేట్‌లెట్లెన్ని, ప్లేట్‌లెట్లెన్ని అని అడిగే బంధువులు,
బెంచీ మీద జారిపడిన మా పిన్ని చెప్పు.
నోటిదాకా వచ్చింది.
నాకొచ్చిన ఇంగ్లీషులో ఆ ఆకు చేదెక్కలేదు.
బకెట్‌లో నీళ్లు, చేపల మేత చిటికెడు, గుడ్ల కాగితం ముక్క వేసి
మూత బిగించి వచ్చేశాను.

ఐదు వారాలకి ఫోన్.
"నీ పిల్లలు నన్ను కుట్టాయి."
ఎక్కడ?
"చెవి కింద. కొట్టబోయి ఆగాను."
అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.
"తర్వాత కొట్టాననుకో. అలవాటు."

నేను నవ్వాను. ఆయనా నవ్వాడు,
నొప్పి లేకుండా, చాలాసేపు.

ఇవాళ శుక్రవారం.
గాజులు తీసి జేబులో వేసుకున్నాను.