చెయ్యి పట్టేంత సందు

పాత పరుపు విప్పినప్పుడల్లా
మొదలు దూది చూడ, గుంట చూస్త.
ఎవలు ఎటు మళ్లి పంటరో
ఏ బుజం ఎన్నేండ్లు అణిగిందో
గుడ్డ మీదనే రాసుంటది.

మండిబజారు సందుల మా దుకానం.
మీద రేకులు, లోపట దుమ్ము,
కనురెప్పల మీద గూడ దూది.
బడి పిల్లలు తెల్లమీసాల తాత అంటరు.
నాకింకా యాభై నిండలే.

మొన్న ఏనుమాముల హమాలి కొమురెల్లి
పరుపును బస్తా లెక్కనే ఎత్తుకొని వచ్చిండు.
"దస్తగిరన్నా, పండితే నొస్తది, లేస్తే నొస్తది.
గట్టిదాని మీద పండుమన్నరు దవాఖాన్ల.
నాలుగొద్దులు ఉత్త బండ మీద పన్న.
ఇంకింత పట్టుకున్నది."

కుట్లు విప్పిన.
నడిమిట్ల గిన్నె లెక్క గుంట,
దూదిల ఇంకా పోని మిర్చి ఘాటు.
పొద్దంత బస్తా కింద ఒంగిన ఎన్ను
రాత్రి గిన్నెల పడి మళ్ల ఒంగుతాంది.

నేను డాక్టర్ను గాదు.
గని దారం తెలుసు, దారం గుంజుడు తెలుసు.
ఎన్నంటే కర్ర గాదు కొమురెల్లీ,
పూసల దండ.
చెంబుల ఏస్తే కుప్పయితది.
బండ మీద పెడితే ఎత్తుపూసలు ఆని
నడిమివి గాలిల ఏలాడతయ్.
దండ పండాల్నంటే కింద అరచెయ్యుండాలె,
ఎత్తున్నకాడ దిగేది
పల్లమున్నకాడ లేచేది.

"పక్కకు పంటవా, ఎల్లెలకలనా?"
నవ్విండు.
"ఇంట్ల జాగుంటే గదన్నా, ఎటన్న పండేది."

గలీబు గుడ్డ మీద పక్కకు పండవెట్టి
సుద్దముక్కతోని చుట్టూ గీసిన.
బుజం కాడ దూది తక్కువ, తుంటి కాడ తక్కువ,
నడుం కాడ రెండు పిడికిళ్లెక్కువ.
దబ్బనం దింపిన, సుతిలి గుంజి ముడేసిన.
లేచి తన గీత తనే చూసుకున్నడు చానసేపు.
"ఇంత వంకరున్ననా" అన్నడు.
తీస్కపోయి నెలయింది.
బాగయిందో, మిగిలిన పైసలు లేకనో
ఇటు మళ్ల రాలే.

హన్మకొండల అద్దాల దుకానం పడ్డది, పరుపులదే.
ఓనాడు చెప్పులు బయట ఇడిచి లోపటికి పోయిన.
టై కట్టిన పోరడు మంచిగనే పిలిచిండు:
"పండి చూడుండ్రి అంకుల్, మెమరీ ఫోము,
మీ ఒంటిని యాదికుంచుకుంటది."
యాదికుంచుకునుడే గదా బిడ్డా రోగం,
మరిచిపొయ్యే పరుపు ఉంటే చూపెట్టు అన్న.
పన్న గూడ. అబద్ధమెందుకు,
బాగనే పట్టుకున్నది.
రేటు కాయితం చూసి
మెల్లగ, బట్టలు దులుపుకుంట లేచిన.
నల్ల సోఫా మీద నా దూది మిగిలింది.

ఇంట్ల నాది చాప.
ఊరందరికి పరుపులు కుట్టినోని కింద చాపనే.
దీపం తీసినంక జాన్బీ
నా నడుం కింద చెయ్యి దూర్చి చూసింది.
"ఓయమ్మో, పిల్లి దూరిపోయేంత సందు!
ఇన్నేండ్లు దీన్ని ఎత్తుకొని ఎట్ల పన్నవ్?"
పాత చీర నాలుగు మడతలు పెట్టి
అండ్ల కుక్కింది.
మడతలు సదురుకుంట సదురుకుంటనే
చెయ్యి తీసుడు మరిచి నిద్రపోయింది.

తిమ్మిరెక్కుతది ఆమెకు, తెలుసు.
జరసేపు
కదలలే నేను.