చేతకాదు అన్న మాట

పెదవాల్తేరులో మందుల షాపు మీద మా గది.
కిటికీ తెరిస్తే సముద్రం కనపడదు,
దాని ఉప్పు మాత్రం వచ్చి మిషన్ల మరల మీద కూర్చుంటుంది.

అమ్మాయి పేరు అర్జిల్లి గౌరీశ్వరి, పెదజాలారిపేట.
భుజాల దగ్గరే ఆగిన ఒళ్లు.
పోగొట్టుకున్నది కాదు, పుట్టిందే అలా.
ఫారంలో "ఎప్పటినుంచి" అన్న గడి చూసి
వాళ్లమ్మ, "ఏటి రాయాల బాబూ?" అంది.

తలకి వైర్ల టోపీ తొడిగాను.
బల్ల మీద ప్లాస్టిక్ చెయ్యి
వెల్లకిలా పడ్డ పీతలా ఎదురుచూస్తోంది.
"కుడిచెయ్యి ముడుస్తున్నట్టు ఊహించుకో" అన్నాను
పాఠంలో ఉన్నట్టే.

చాలాసేపు కళ్లు మూసుకుంది.
తెర మీద గీత, గాలిలేని పొద్దుటి సముద్రం.
కళ్లు తెరిచి అడిగింది:
"మీరెలగ ముడుస్తారు సార్?"
పిడికిలి బిగించి చూపించాను.
"అది ముడిసీసినాక. ముడవక ముందు ఏటి సేస్తారు?"

పదకొండేళ్లుగా ఇదే పని నాది.
పక్షవాతం వచ్చిన కళాసీలకి,
క్రేన్ కింద నలిగిన పోర్టు కూలీలకి
మరిచిపోయిన చేతుల్ని గుర్తుచేశాను.
గుర్తే లేనిదాన్ని ఎలా గుర్తుచెయ్యను?
"చెప్పడం నాకు చేతకాదమ్మా" అన్నాను.

అనేశాక ఆ మాట నాకు వినపడింది.
చేతకాదు. చేజారింది. చేతులెత్తేశాను. చేదోడు.
మన భాషకి ఒళ్లంతా చేతులే.
ఆ భాషలోనే పందొమ్మిదేళ్లు
కాళ్లు ముడుచుకు కూర్చుంది ఈ పిల్ల.

రెండో వారం తెగిన వల పట్టుకొచ్చారు.
"తాత రేపు ఏటకెల్తాడు, ఇక్కడే బాగుసేసుకుంటాను."
నేల మీద చతికిలబడింది.
ఎడమకాలి రెండువేళ్ల మధ్య నూలు, కుడికాలికి కర్రసూది,
కన్ను తర్వాత కన్ను.
టోపీ తియ్యడం మరిచిపోయాను.

తెర మీద ఒకచోట వెలుగు లేచింది.
పుస్తకాల్లో చేతి పేరు రాసిన జాగా అది.
ఖాళీగా బూజుపట్టి ఉంటుందనుకున్నాను.
కాదు, అక్కడ కాలివేళ్లు
ఎన్నాళ్లనుంచో కాపురముంటున్నాయి.

పాఠం చింపేశాను.
"చెయ్యి ముడు" అనడం మానేసి
"ముడి బిగించు" అన్నాను.
మూడు రోజులు ఏమీ లేదు.
నాలుగోరోజు బల్ల మీద చిటికెనవేలు ఉలిక్కిపడింది.
"సిటికెనేలు కాదెహే, బొటనేలు!"
దాన్ని కొత్త మేకపిల్లలా కసురుకుంది.

నిమ్మకాయ ఇస్తే పిప్పి చేసింది.
ఇంకోటిస్తే వదిలేసింది.
అర డజను కాయలయ్యాక వాళ్లమ్మ సంచి మూసేసింది.
"పప్పులోకి మిగల్దు."

ఒక మధ్యాహ్నం నన్నూ చెప్పులు విప్పమంది.
నా కాలికి కర్రసూది ఇచ్చింది, జారిపోయింది.
"మీ కాలేళ్లు అయిదూ ఒకటే ముద్ద సార్.
నిద్దరోతన్నాయి. లేపండి."

ఇంటికి తీసుకెళ్తే దీంతో ఏం చేస్తావని అడిగాను.
గ్లాసు, దువ్వెన, సిటీ బస్సులో కడ్డీ
అని నా జాబితా నాకుంది.
ఆమె కొంచెం ఆలోచించింది.
"నాకు నడకైనా ఉంటాది, పట్టుకోడమైనా ఉంటాది సార్.
రెండూ ఒక్కపాలి ఎప్పుడూ లేవు.
ఏదో ఒకటి పట్టుకుని నడవాల. ఏదైనా పర్లేదు."

చెయ్యి భుజానికి బిగించి నిమ్మకాయ పెట్టాను.
గోడ దాకా తొమ్మిదడుగులు.
నాలుగో అడుగులో కాలు నడక గురించి ఆలోచించింది,
వేళ్లు విడిపోయాయి.
స్టూలు కిందకి దొర్లిన కాయని
ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో తీసి
మళ్లీ ఆ ప్లాస్టిక్ అరచేతిలో తనే పెట్టుకుంది.

ఆ రాత్రి హార్బర్ వైపు ఓడ కూత.
దుప్పటి కింద నా కుడికాలి రెండోవేలుని
ఒక్కదాన్నే కదలమని అడుగుతూ పడుకున్నాను.
ముందు ఏం చెయ్యాలో తెలీలేదు.