కలం చప్పుడు

నా పేరు అంగ్‌రూప్. ఆపిల్ పెట్టెలు కొడతాను.
ప్రమాణం చేయించాక టోపీ మళ్ళీ పెట్టుకోవచ్చన్నారు.
పియో కోర్టు కిటికీలోంచి కిన్నర కైలాసం కొన కనిపిస్తుంది,
దాని మీద మొన్నటి మంచు.

వకీలు చేతిలో కాగితం.
స్టాంపు లేదు, రిజిస్టరు నంబరు లేదు.
జ్ఞాన్ భగతి పెద్దమ్మ లెక్కల పుస్తకంలోంచి చింపిన ఠావు.
వెనక పక్క మూడు కిలోల చిల్గోజా గింజల బాకీ,
ముందు పక్క నూట పది ఆపిల్ చెట్లు, రెండు గదులు, ఒక రాగి హండా
చెల్లెలి కూతురు ఛిమెత్‌కి.

మా దగ్గర ఆడపిల్లకు నేల రాదు.
ఆచారం. రాయనవసరం లేనంత పాతది.
అందుకే ఆవిడ రాసింది.

ఇద్దరం సాక్షులం. రెండోవాడు పల్దెన్
పోయిన వానల్లో రోడ్డుతో పాటు నదిలోకి జారిపోయాడు.
మిగిలింది నేనొక్కణ్ణి.

"ఆవిడ సంతకం పెడుతుండగా నువ్వు కళ్ళారా చూశావా?"

మంచు కురుస్తోంది ఆ రాత్రి. కరెంటు పోయింది.
దీపం కోసం లోపలికి పోయిన ఛిమెత్
దేన్నో తన్నుకుని గిన్నెలన్నీ దొర్లించింది.
ఆగమన్నా ఆగే మనిషి కాదు పెద్దమ్మ,
ఆ చీకట్లోనే రాసేసింది.
నేను విన్నాను.
నలభై ఏళ్ళు చెక్కలోకి మేకు దిగే చప్పుడు విన్నవాణ్ణి,
మేకు వంకరపోతే చూడక్కర్లేదు నాకు.
కలం మొదట తేలిగ్గా పోయింది,
'భ' దగ్గర ఆగి రెండుసార్లు గీకింది,
ఆఖర్న పైగీత, ఈ చివర్నుంచి ఆ చివరికి, సర్రున.
ఆ గీతే ఇప్పుడు తంటా:
అక్షరాల నెత్తిన నిలవక వాటిని కోసుకుంటూ పోయింది.
దొంగ సంతకం అంటున్నారు.

"చూశావా, లేదా? ఒక్క మాట."
సాక్షి అన్న మాటలోనే కన్నుందట, నవ్వుతూ అన్నాడు వకీలు.
చెవికి ఇక్కడ కొలువు లేదు.

రామ్‌సేన్ నా వైపు చూడటం లేదు,
చిన్నప్పుడు మిగిలిన చెక్కలతో వాడికి బండి చేసిచ్చాను.
ఛిమెత్ చూస్తోంది,
రెండు చలికాలాలు పెద్దమ్మని ఎత్తి కూర్చోబెట్టిన చేతులు
ఒళ్ళో పెట్టుకుని.

"చూళ్ళేదు," అన్నాను.
టైపు చేసే అమ్మాయి ఆ మాటని ఒక్క గుక్కలో మింగింది.
వకీలు కూర్చోబోయాడు.

అప్పుడు జడ్జిగారు, శాలువా సర్దుకుంటూ,
"దీపం వచ్చాక ఏమైంది?"

ఏమవుతుంది?
పెద్దమ్మ కాగితాన్ని దీపానికెత్తి పట్టి
'నా సంతకమేనా ఇది, అంగ్‌రూప్!
తాగినదానిలా ఎలా నడిచిందో చూడు' అని నవ్వింది.
సిరా ఆరలేదు, ఊదమని నా చేతికిచ్చింది.
ఊదాను. కింద నా పేరు రాశాను.

వకీలు లేచాడు, అభ్యంతరమన్నాడు. రెండో వకీలూ లేచాడు.
సెక్షన్ల అంకెలు నా తల మీదుగా పోయాయి,
లారీకి పెట్టెలు అందించినట్టు.
తీర్పు వచ్చే నెలట,
కాకుంటే కోతలయ్యాక.

వాంగ్మూలం అచ్చుతీసి ముందు పెట్టారు, మూడు పేజీలు,
ప్రతి పేజీ కింద సంతకం చెయ్యమన్నారు.
గుమాస్తా ఫోన్లో ఉన్నాడు,
జడ్జిగారు తర్వాతి ఫైల్లో,
వకీళ్ళిద్దరూ ఒకే టీ దుకాణం వైపు మెట్లు దిగుతున్నారు.
కిటికీ నిండా మబ్బు.

నేను సంతకం పెడుతుంటే
ఎవరూ చూళ్ళేదు.