ముదురు పాకం

బల్లార్షాలో డాబా మీద
వడపోత కాగితం రాత్రంతా గాలి పీల్చి
పొయ్యిలో పడుకున్న పిల్లిలా
బూడిదరంగు తేలింది.

నా లెక్క ప్రకారం
మధ్యాహ్నానికి ఇందులో సగం ఎగిరిపోవాలి.
చలికి రేణువు మీద వాలిన ఆవిరి
ఎండ పొడగానే లేచిపోవాలి,
రైలొచ్చేదాకా బెంచీ మీద కూర్చున్నవాడిలా.

పోలేదు.
మూడు రోజులు తూచాను. పోలేదు.
పద్నాలుగు గంటలు నడిచి కంప్యూటర్
మళ్ళీ అదే అబద్ధం చెప్పింది.

కింద రాజుబాయి
స్టేషన్లో అమ్మే పల్లీపట్టి కోసం
బెల్లం కాస్తోంది. నీళ్ళగిన్నెలో చుక్క వేసి
వేలితో నొక్కింది. టక్కుమంది.
"పాకం ముదిరినంక
లోపటి పల్లి బయటికొస్తదారా?"
అడిగింది నన్ను కాదు,
నిన్నటి పట్టీని గోళ్ళతో గీకుతున్న మనవణ్ణి.

రేణువంటే నీటిబొట్టే అనుకున్నాను ఇన్నాళ్ళూ,
తలుపు తీసుంటే వచ్చినవాడు వెళ్తాడని.
డిసెంబరు చలికి బిగుసుకున్న బొట్టులో
నిన్నటి బొగ్గుపొగ,
మొన్న ఎవరో కాచుకున్న చలిమంట
ఇంకా అడుగునే కూర్చుని ఉన్నాయి.

మెట్లెక్కాను.
వ్యాపన వేగం అన్నచోట
దశాంశ బిందువు తర్వాత
సున్నాలు పెంచుతున్నాను.
వేళ్ళకి బెల్లం.
కీబోర్డు అంటుకుంటోంది.