మూడు బారల గట్టు

డెబ్బై సెంట్ల వంగతోటలో
ఏటి వైపు మూడు బారల నేల
ఏమీ వేయకుండా వదిలేశాను.
వదిలేశాను గానీ అది ఊరుకుందా,
తుంగ మొలిచింది, గరిక పాకింది,
ఎవరి కాళ్ళకి అంటుకుని వచ్చిందో
ఒక వెంపలి మొక్క.
నేను చల్లింది నాలుగు బంతి గింజలే.

మరిది ఎర్నాయుడు గొంతుకూచుని
వేళ్ళ కణుపుల మీద లెక్క కట్టాడు.
"మూడు బారలంటే నాలుగు సాళ్ళు.
సాలుకి ముప్ఫయ్యారు మొక్కలు.
ఏటొదినా, ఏడాదికి ఓ గేదె దూడ ఖరీదు
గడ్డిపాలు సేస్తన్నావు."
లెక్క తప్పు కాదు.
అందుకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నేను పుణ్యాత్మురాల్ని కాను.
పోయిన శ్రావణంలో
కొమ్మలు తలలు వాల్చేసి
ఆరు బుట్టల కోత రెండుకి పడిపోతే,
వేపకషాయంతో పురుగు తలంటుకుందే గానీ
చావకపోతే,
పద్మనాభం వెళ్ళి, అప్పు రాయించి
నీలం సీసా తెచ్చాను.
ముక్కుకి పమిట కట్టుకుని
పంపు వీపున వేసుకుని నేనే కొట్టాను,
సాలు సాలునా,
పిల్లకి పాపిడి తీసినంత శ్రద్ధగా.

మర్నాడు తోట శుభ్రంగా ఉంది.
ఎంత శుభ్రమంటే
పూత మీద ఒక్క తుమ్మెద లేదు.
కరెంటు పోయిన పిండిమరలా
నిలబడిపోయింది.
మూడో నాడు వాన.
ఎర్రటి నీళ్ళు సాళ్ళలోంచి జారి
గోస్తనిలో కలుస్తుంటే
ఆపడానికి నా దగ్గరున్నవి
రెండు అరచేతులు.

అప్పుడు వదిలాను ఆ మూడు బారలు.

తొలి బస్సు. ఆనందపురంలో
పూల మూటలెక్కుతాయి,
మద్దిలపాలెం దాకా
నా బుట్టల మీద వాటి తడి.
రైతుబజార్లో ఒకావిడ
వంకాయని తిప్పి తిప్పి చూసింది,
కొత్త జుంకాకి రాయి ఊడిందేమో అన్నట్టు.
"పుచ్చు కదా ఇది?"
"ఔనమ్మా."
"లేనివి ఇవ్వు. మందులవైనా పర్లేదు,
కుళాయి కింద ఉప్పేసి కడుక్కుంటాంలే."

నోటిదాకా వచ్చింది.
తల్లీ, మా ఏటి ఇసకలో నూతులున్నాయి,
మీ ఊరి గొట్టాలు అక్కడ తాగుతాయి.
నా చేను కడిగిన నీళ్ళతోనే
నా కాయని కడుగుతావు నువ్వు.
చెప్పలేదు.
వెనక ఇంకో నలుగురున్నారు,
ఐదొందల కాగితానికి చిల్లర లేదు.

రెండు కుప్పలు పోశాను.
నున్నటివి ఒక ధర, పుచ్చువి సగం.
సగం ధర కుప్ప
హాస్టల్ వంటాయన సంచిలోకి వంపుకున్నాడు.
"పిల్లలు కూరలో వెతుకుతారా ఏటి" అని నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.
ఆ పిల్లలు తినేది మంచి కాయే,
అయినా చవకది గనకే తింటున్నారు.

ఈ ఏడు నాలుగు బుట్టలు దిగుతున్నాయి.
ఆరు కాదు. రెండూ కాదు.
బంతిపూల మీద తుమ్మెదలు వస్తున్నాయి,
అన్నీ కాదు, కొన్ని.
వాన పడితే గట్టు దగ్గర
నీళ్ళు కాసేపు ఆగి
ఏదో మర్చిపోయినట్టు ఆలోచించి
మెల్లగా దిగుతున్నాయి.
అప్పు మాత్రం అలాగే ఉంది.

నిన్న ఎర్నాయుడు కొడవలి పట్టుకొచ్చి
అడక్కుండానే గరిక కోసుకుపోయాడు
ఈనిన గేదెకి.
సగం కోసి సగం ఉంచాడు.
లెక్క గురించి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నీలం సీసాలో ఇంకా మూడో వంతుంది.
అటక మీద, పిల్లలకి అందకుండా.
దాచుకున్నానా అంటే
ఔనో కాదో చెప్పలేను.
పారబోద్దామని రెండుసార్లు దించాను.
చేతిలో పట్టుకుని
పెరడంతా తిరిగాను.
ఎటు చూసినా నేల
ఏటి వైపే వాలి ఉంది.